పోకర్ బిళ్లలకు సొంత లేబుళ్లు: మూడేళ్ల తర్వాత అంచు గురించి నాలుగు మాటలు

మా ఇంట్లో పోకర్ ఆడేటప్పుడు లెక్కకు వాడుకునే గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లలకు సొంతంగా లేబుళ్లు వేయించి మూడేళ్లు దాటింది. ఈ మూడేళ్లలో రెండుసార్లు వేయించాను. మధ్యలో ఒకసారి 300 బిళ్లల మీద, రెండు వైపులా ఉన్న లేబుళ్లన్నీ చేత్తో పీకాను. కాబట్టి బిళ్ల బరువెంత, పెట్టె ఎలా ఉంది, రంగులెన్ని అన్న సంగతుల జోలికి ఈ సమీక్షలో వెళ్లను. అవి కొనేటప్పుడే ఎవరికైనా తెలుస్తాయి. నేను చెప్పదలచుకున్నది లేబుల్ అంచు గురించి. బిళ్ల నడుమ ఉండే గుండ్రటి పల్లానికీ, అందులో కూర్చునే లేబుల్‌కూ మధ్య ఎంత సందు వదలాలన్న ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే, మా చిన్నాయన ఎనిమిది నెలల పాటు మా ఆటకు దూరంగా ఉండిపోయేవారు కాదు. ఆ బాధ ఇంకా తీరలేదు గనుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేము ఉండేది తిరుపతి బైరాగిపట్టెడలో. నెలకు రెండు ఆదివారాలు సాయంత్రం పూట చుట్టాలూ, ఒకరిద్దరు స్నేహితులూ కలిసి ఏడెనిమిది మందిమి చాప పరుచుకుని కూర్చుంటాం. మొదట రమ్మీ, తర్వాత పోకర్ ఆడతాం. డబ్బు పెట్టి ఆడే అలవాటు మా ఇంట్లో ఏ తరంలోనూ లేదు. రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పిన తీర్పు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోదేనని చిన్నాయన తరచుగా గుర్తు చేస్తుంటారు. అయితే 1974 నాటి మన గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను రాష్ట్రంలో నిషేధించిన సంగతి కూడా ఆయనే చెబుతారు. అందుకే లేబుల్ తయారు చేయించేటప్పుడు నేను పెట్టుకున్న మొదటి నియమం, దాని మీద రూపాయి గుర్తు ఉండకూడదని. అంకె మాత్రమే ఉంటుంది. ఆట ముగిసేసరికి ఎవరి దగ్గర ఎక్కువ బిళ్లలుంటే వారు గెలిచినట్టు. అంతకు మించి చేతులు మారేది ఏమీ లేదు. ఈ మాట ఇక్కడే చెప్పడానికి కారణం ఉంది. డబ్బు లేని ఆటలో బిళ్లల లెక్క ఒక్కటే అందరూ నమ్ముకునే వస్తువు. ఆ లెక్క చెడితే మిగిలేది ఏమీ ఉండదు.

బొమ్మల ఎంపిక గురించి త్వరగా చెప్పి ముందుకు వెళతాను. తిరుపతి వాళ్లం కాబట్టి ఏడుకొండల గీత, గోపురం పెట్టమని చాలామంది అన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు. నేల మీద దొర్లే వస్తువు, కాలు తగిలే వస్తువు, దాని మీద దేవుడికి సంబంధించినది ఏదీ వద్దన్నది. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించాను. చివరికి ఒకటి విలువ గల తెల్ల బిళ్లకు చింతాకు, ఐదు విలువ గల ఎర్ర బిళ్లకు తోతాపురి మామిడికాయ, ఇరవై ఐదు విలువ గల ఆకుపచ్చ బిళ్లకు శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో నెమలి, నూరు విలువ గల నల్ల బిళ్లకు చంద్రగిరి రాజమహల్ పెట్టాను. మామిడికాయ మా అక్క కూతురు చేత్తో గీసింది. అంకెలు తెలుగు అంకెల్లోనే వేయించాను.

తెలుగు అంకెల గురించి మొదటి రోజుల్లో నేను అందరికీ చాలా గొప్పగా చెప్పాను. ఇప్పటికీ అవి చూడటానికి అందంగా ఉంటాయనే అంటాను. కానీ 25 మిల్లీమీటర్ల గుండ్రటి లేబుల్‌లో, రాత్రి ట్యూబులైటు కింద, చాప అవతలి వైపు నుంచి చూసేవారికి ౧కీ ౦కీ తేడా తెలియలేదు. ౧౦౦ అని రాసిన నల్ల బిళ్ల మూడు సున్నల్లా కనిపించేది. పాత పుస్తకాలు చదివిన అలవాటు ఉన్న చిన్నాయన ఒక్కరే తడుముకోకుండా చదివేవారు. మిగిలిన మేమంతా రంగును బట్టే లెక్క వేసుకున్నాం. అసలు కొన్ని ఆటలు ఆడిన తర్వాత బిళ్లను ఎవరైనా గుర్తుపట్టేది రంగుతోనే, అంకె కొత్తగా వచ్చిన వారి కోసమే. రెండోసారి వేయించినప్పుడు మామూలు అంకెను పెద్దదిగా నడుమ వేసి, తెలుగు అంకెను కింద చిన్నదిగా ఉంచాను.

మొదటిసారి పని చేయించింది ఊళ్లోనే ఉన్న ఒక స్టిక్కర్ కటింగ్ షాపులో. బండ్ల నంబరు ప్లేట్లకు రేడియం అక్షరాలు కోసే షాపు అది. డిజైన్‌ను కంప్యూటర్లో వాళ్లే సర్దిపెట్టారు. పన్నెండు అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల పొడవు ఉన్న షీటులో పదేసి చొప్పున పద్నాలుగు వరసలు, అంటే 140 లేబుళ్లు పట్టాయి. రెండు వైపులకూ కలిపి నాకు కావలసినవి 600. ఐదు షీట్లు వేయిస్తే నూరు మిగిలాయి. వెనకాల కాగితం తెగకుండా పైపొర మాత్రమే కోసే హాఫ్ కట్ చేయించాను. షీటుకు 120 రూపాయలు పడింది, అంటే లేబుల్‌కు రూపాయి కూడా కాలేదు. పైన మెరిసే లామినేషన్. పల్లం కొలత ఎంతని షాపతను అడిగితే స్కేలు పెట్టి ఒక అంగుళం అని చెప్పాను. అంగుళానికి సరిగ్గా అంగుళమే, 25.4 మిల్లీమీటర్లే కోసి ఇచ్చాడు. లేబుల్ పల్లంలో కూర్చుంటే సందు కనపడనంత నిండుగా, ముద్ర వేసినట్టు కనిపించింది. 2023 సంక్రాంతికి ఇంటికి వచ్చిన చుట్టాలందరూ చేతిలోకి తీసుకుని చూశారు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతకంటే బాగా కుదరదని ఆ పండుగ రోజుల్లో నేను కనీసం పది మందికి చెప్పి ఉంటాను. వాళ్లలో ఇద్దరు అదే షాపులో, అదే కొలతతో వేయించుకున్నారు కూడా.

ఆ సంవత్సరం మే నెలలో ఒక ఆదివారం చిత్తూరు గిరింపేటలోని మా అత్తగారింట్లో అందరం కలుసుకోవాలనుకున్నాం. పొద్దున్నే తిరుపతి నుంచి బయలుదేరి ముందుగా కాణిపాకం వెళ్లి దర్శనం చేసుకున్నాం. బిళ్లల పెట్టె కారు డిక్కీలో ఉంది. కాణిపాకంలో రెండు మూడు గంటలు కారు ఎండలోనే నిలిచింది. మధ్యాహ్నం గిరింపేట చేరిన తర్వాత ఇంటి ముందు నీడ దొరకక మళ్లీ ఎండలోనే పెట్టాను. భోజనాలు, మామిడిపళ్లు, నిద్రలు అన్నీ అయ్యేసరికి ఐదున్నర దాటింది. అప్పుడు వెళ్లి పెట్టె తెచ్చాను. అల్యూమినియం అంచులు పట్టుకోలేనంత వేడిగా ఉన్నాయి. మూత తెరవగానే జిగురు వాసన వచ్చింది. వరసలుగా పేర్చిన బిళ్లలు ఎప్పటిలా జారి చేతిలోకి రాలేదు, గుత్తిగా వచ్చాయి. వాటిని రెండు చేతులతో నలిపి విడదీసి అందరికీ పంచాను. అప్పుడే ఆగి ప్రతి బిళ్లనూ చూసి ఉండాల్సింది. ఆట మొదలుపెట్టమని అందరూ తొందరపెడుతున్నారు, నేను చూడలేదు.

ఏడు గంటల ప్రాంతంలో కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద హాలులో ఒక్క చిన్న లైటు వెలిగింది. పోకర్‌లో ఒక విడత పంపకంలో నలుగురం ముక్కలు పడేసి తప్పుకున్నాం, చివరికి మా బావ, అంటే నా భార్య అన్నయ్య, మా చిన్నాయన మిగిలారు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా పరిచే ముక్కల్లో ఐదోది తిప్పిన తర్వాత బావ ఎర్ర బిళ్లల దొంతర ఒకటి మధ్యలోకి నెట్టి "అరవై" అన్నారు. చిన్నాయన కొంచెం ఆలోచించి, తన వైపు నుంచి పన్నెండు ఎర్ర బిళ్లలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి పెట్టారు. ఆయన చేతిలో మూడు తొమ్మిదులు వచ్చాయి. బావ దగ్గర రెండు జతలే. చిన్నాయన బిళ్లలన్నీ తన వైపు లాక్కుని రంగుల వారీగా పేర్చుకుంటూ ఉండగా, బావ పెట్టిన దొంతరలోని అడుగు బిళ్ల కింద మరొకటి అంటుకుని ఉన్నట్టు తెలిసింది. గోటితో విడదీశారు. అది నల్ల బిళ్ల. నూరు.

"అది నాది మామా, అడుగున అంటుకోనుండాది. నేను పెట్టింది అరవయ్యే" అన్నారు బావ. ఆ మాటలో తప్పేమీ లేదు. "మధ్యలోకి వచ్చినాక ఎవురిదైనా ఒగటే గదా నాయనా" అన్నారు చిన్నాయన. ఆ మాట కూడా ఆటలో ఉన్న పద్ధతే. ఇద్దరూ నెమ్మదిగానే మాట్లాడుకుంటున్నారు. ఇంతలో మిగిలిన వాళ్లం మా మా దొంతరలు తిరగేసి చూసుకున్నాం. ఇంకా నాలుగు జంటలు దొరికాయి. వాటిలో రెండు చిన్నాయన ముందున్న దొంతరల్లోనే ఉన్నాయి. రెండింటిలోనూ ఆకుపచ్చ బిళ్ల ఎర్రదాని వెనక దాగి ఉంది. అవి ఎప్పటి నుంచి అలా ఉన్నాయో, ఎవరి దగ్గర నుంచి ఎవరికి వెళ్లాయో చెప్పగలిగే వారు ఎవరూ లేరు. ఆ సాయంత్రం జరిగిన లెక్కంతా అనుమానంలో పడింది. ఆ సమయంలో ఒక కుర్రవాడు, మనసులో ఏ ఉద్దేశమూ లేకుండానే, "చూసి పెట్టుకోవాల్సింది గదా తాతా" అన్నాడు.

మా చిన్నాయన హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల మార్కులు కూడిన మనిషి. ఆయన కూడిక తప్పని ఎవరూ ఎప్పుడూ అనలేదు. "అంటే నేను తెలిసి పెట్టుకోనుండాననా?" అని ఒక్క మాట అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేకపోయాం. ఆయన తన ముందున్న బిళ్లలన్నిటినీ రంగుల వారీగా పేర్చి, అంటుకున్న వాటిని విడిగా పక్కన ఉంచి, పెట్టెలో సర్ది, లేచి మేడ మీదికి వెళ్లిపోయారు. రాత్రి భోజనానికి దిగారు గానీ ఆట ఊసు ఎత్తలేదు. తర్వాతి ఆదివారాలకు రమ్మంటే ఏదో ఒక పని చెప్పేవారు. ఆ కుర్రవాడు మరుసటి వారమే వెళ్లి క్షమాపణ అడిగాడు. తనకు కోపం లేదన్నారు గానీ, ఆటకు మాత్రం రాలేదు.

తిరుపతికి తిరిగివచ్చిన తర్వాత ఒక్కో బిళ్లనూ వెలుగులో పెట్టి చూశాను. పల్లం అంచుకు లేబుల్ అంచు ఆనుకుని ఉంది. ఎండ వేడికి లేబుల్‌లోని వినైల్ పొర, అంటే సన్నటి ప్లాస్టిక్ పొర, ఒక తీరున, పైనున్న లామినేషన్ పొర మరో తీరున ముడుచుకున్నాయి. అసలే పల్లం గోడకు ఆనుకుని ఉన్న అంచు పట్టు వదిలి పైకి లేచింది. లేచిన అంచు కింద నుంచి జిగురు బయటపడింది. దాని మీద మరో బిళ్ల కూర్చుంటే అంటుకోక ఏమవుతుంది? స్టిక్కర్ల పని బాగా తెలిసిన మరొకరిని అడిగితే అసలు సంగతి వివరించారు. మామూలు షాపుల్లో ఎక్కువగా వాడే వినైల్‌ను రోలర్ల మధ్య నొక్కి, సాగదీసి పలచగా చేస్తారు. వేడి తగిలితే అది సాగకముందున్న స్థితికి ముడుచుకోవాలని చూస్తుంది. ద్రవంగా పోసి ఆరబెట్టి తయారు చేసే కాస్ట్ వినైల్‌లో ఆ సాగదీత ఉండదు కాబట్టి ముడుచుకోవడం చాలా తక్కువ. కార్ల ఒంటికి చుట్టే స్టిక్కర్లకు దాన్ని వాడేది అందుకే. ఎండలో తిరిగే బండికి ఏది పనికొస్తుందో, ఎండలో నిలిచిన డిక్కీలోని బిళ్లకూ అదే పనికొస్తుందని అప్పుడు అర్థమైంది. మొదటి షాపతను నేను అడిగిన కొలతకు అడిగినట్టే చేశాడు. అయినా రోజూ ఈ పదార్థంతోనే పని చేసే వ్యక్తి, పల్లంలో కూర్చోబెట్టే లేబుల్ అని చెప్పిన తర్వాత, కొంచెం తగ్గించి కోద్దాం అని ఒక్క మాట అని ఉండవచ్చు. ఆ లోటు నాకు ఇప్పటికీ లోటుగానే తోస్తుంది.

పాత లేబుళ్లు పీకడం నేను ఊహించినదానికంటే ఎక్కువ రోజులు పట్టిన పని. హెయిర్ డ్రయ్యరుతో కొంచెం వేడి చేస్తే లేబుల్ సులువుగానే లేచేది, కానీ జిగురు పల్లంలోనే ఉండిపోయేది. త్వరగా పోతుందని మొదట నెయిల్ పాలిష్ రిమూవర్‌తో మూడు బిళ్లలు తుడిచాను. అందులో ఉండే ఎసిటోన్ ఈ రకం ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పల్లం మెత్తబడి, దూది పీచులు అందులో ఇరుక్కుని, ఆరిన తర్వాత గరుకుగా తెల్లబడిపోయింది. ఆ మూడు బిళ్లలూ పోయాయి. ఎవరైనా ఈ పని చేయదలిస్తే ఆ సీసా జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. తర్వాత మందుల షాపులో దొరికే స్పిరిట్ వాడాను. ప్లాస్టిక్‌కు ఏమీ కాలేదు గానీ, ముదిరిన జిగురు మీద దాని ప్రభావం తక్కువ. చివరికి పని చేసింది అమ్మ చెప్పిన కొబ్బరినూనె. పల్లంలో ఒక్క చుక్క వేసి పావుగంట ఆగితే జిగురు మెత్తబడి, వేలితో రుద్దగానే నల్లటి వత్తులుగా చుట్టుకుని వచ్చేసేది. ఆ తర్వాత నూనె మరక ఏమాత్రం మిగలకూడదు కాబట్టి గిన్నెలు తోమే ద్రవంతో కడిగి, గుడ్డ మీద ఒక రోజంతా ఆరబెట్టి, మళ్లీ స్పిరిట్‌తో తుడిచాను. రోజుకు ముప్పై బిళ్లల చొప్పున పది రోజులు పట్టింది.

రెండోసారి పని కార్ల స్టిక్కర్లు చేసే చోట చేయించాను. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్స్ ఒకటి అడిగి తెచ్చుకుని ఇరవై బిళ్లల పల్లాలు కొలిచాను. ఎక్కువ వాటికి 25.4 వచ్చింది గానీ, రెండు మూడింటికి 25.3 కూడా వచ్చింది. అచ్చులో పోసిన వస్తువుకు ఆ మాత్రం తేడా ఉంటుంది. లోతు 0.3 మిల్లీమీటర్లు. లేబుల్ మందం, పై లామినేషన్‌తో కలిపి 0.2 దాటకుండా చూసుకున్నాను. లేబుల్ పల్లం లోపలే ఉండిపోవాలి. మీది బిళ్ల బరువు పల్లం గట్టు మీద పడాలి గానీ లేబుల్ మీద కాదు. వ్యాసం 24.4కు తగ్గించాను. అంటే చుట్టూ దాదాపు అర మిల్లీమీటరు సందు. కాస్ట్ వినైల్, దాని పైన అదే జాతి మ్యాట్ లామినేషన్. షీటుకు 280 రూపాయలు అయింది, మొదటిదానికి రెండింతల కంటే ఎక్కువ. ఈసారి షాపతనే ఒక షీటు ముందుగా కోసి ఇచ్చి, వారం రోజులు వాడి చూసిన తర్వాతే మిగిలినవి వేయించుకోమన్నారు. ఆ మాటకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ని. ఆ వారంలో పది బిళ్లలను మధ్యాహ్నపు ఎండకు వదిలిన కారులోనే ఉంచాను. ఏమీ కాలేదు.

అతికించే పద్ధతి కూడా మారింది. మొదటిసారి వేళ్లతో తీసి అంటించాను. వేలి చెమట అంచు కింద జిగురుకు తగిలితే ఆ చోటు ఎప్పటికీ సరిగా పట్టదు. ఈసారి చిన్న కత్తి మొనతో లేబుల్ అంచును కొద్దిగా లేపి, ఆ మొన మీదే నిలబెట్టి పల్లం మీదికి తెచ్చాను. రెండో చేతి చూపుడువేలితో ముందు సరిగ్గా నడుమ తాకించాలి. నడుమ పట్టిన తర్వాత బొటనవేలిని గుండ్రంగా తిప్పుతూ బయటికి నొక్కుకుంటూ పోవాలి. అంచుకు చేరేసరికి గాలి అంతా సందు గుండా బయటికి పోతుంది. ఆ అర మిల్లీమీటరు చుట్టూ సమానంగా కనిపిస్తే కూర్చున్నట్టు. ఒక వైపు సన్నబడి మరో వైపు వెడల్పయితే వెంటనే లేపి మళ్లీ పెట్టాలి. మొదటి యాభై బిళ్లలకు చేయి తిరగలేదు. ఆ తర్వాత ఒక్కోదానికి అర నిమిషం కూడా పట్టలేదు.

2024 సంక్రాంతికి చిన్నాయన మా ఇంటికి వచ్చారు. కనుమ రోజు సాయంత్రం అందరూ చాప మీద కూర్చున్నారు. ఆయనను ఎవరూ పిలవలేదు, పిలవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నేను పెట్టె తెరిచి ఆయన కుర్చీ పక్కన పెట్టాను. ఆయన ఒక నల్ల బిళ్ల తీసుకుని, కళ్లద్దాలు సరిచేసుకుని, గోటిని లేబుల్ అంచు వెంట ఒక చుట్టు నెమ్మదిగా తిప్పారు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. తిరగేసి రెండో వైపు కూడా అలాగే చూశారు. తర్వాత రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి, గట్టిగా నొక్కి, విడదీశారు. "ఇప్పుడు బాగుండాయిరా అబ్బాయా" అని కుర్చీలోంచి దిగి వచ్చి చాప మీద కూర్చున్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంత పెద్ద సమీక్ష రాసినా పట్టదు. అప్పటి నుంచి ప్రతి ఆటకు ముందూ ఆయన ఏదో ఒక బిళ్ల అంచు వెంట గోరు తిప్పి చూస్తారు. ఇప్పుడు అది ముక్కలు కలపడం లాగే మా ఆటలో ఒక భాగమైపోయింది.

ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి, కార్తీకం వానలూ గడిచాయి. ఇక్కడ నవంబరులో గోడలు చెమ్మగిల్లే రోజులుంటాయి. అల్మరాలో పెట్టిన పేక ముక్కలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి గానీ, లేబుళ్లకు ఏమీ కాలేదు. 594 లేబుళ్లలో ఇంతవరకు మార్చాల్సి వచ్చినవి నాలుగే. అవి కూడా నేను మొదటి రోజుల్లో వంకరగా అంటించినవే.

అయితే రెండోదాని గురించి కూడా నేను ముందు చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పలేను. మ్యాట్ లామినేషన్ మీద లైటు మెరవదు, చదవడానికి హాయిగా ఉంటుందని అందరితో అన్నాను, అది నిజమే. కానీ ఎక్కువగా చేతులు మారే ఎర్ర బిళ్లల మీద బొటనవేలు ఆనే చోట ఆ మ్యాట్ అరిగి నున్నబడింది, ఇప్పుడు అక్కడక్కడా మెరుస్తోంది. బజ్జీలు తిన్న చేత్తో ముట్టుకుంటే నూనె మరక మెరిసే లామినేషన్ మీద గుడ్డతో పోయేది, దీని మీద నీడలా మిగిలిపోతుంది. ఆట మధ్యలో పలహారం పెట్టడం మానేశాం, ఇంటివాళ్లకు అది కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఇక నేను ఇంతగా మెచ్చుకుంటున్న ఆ అర మిల్లీమీటరు సందులో మురికి చేరుతుంది. తెల్ల బిళ్లల మీద లేబుల్ చుట్టూ బూడిదరంగు గీత ఉంగరంలా కనిపిస్తుంది. రెండు నెలలకోసారి మెత్తటి పళ్ల బ్రష్షును స్పిరిట్‌లో ముంచి ఆ సందు చుట్టూ తిప్పుతాను. సందు లేకుండా కోస్తే ఆ గీత ఉండదు, కానీ అంచు లేస్తుంది. నాకు గీతే నయం.

లేబుల్ గొడవే లేకుండా సిరామిక్ బిళ్లలు కొనుక్కోవచ్చు కదా అని కొందరు అడిగారు. వాటిలో బొమ్మను బిళ్ల పై పొరలోకే రంగు ఇంకేలా ముద్రిస్తారు, అంచు మీద కూడా ముద్రించవచ్చు. లేవడానికి అక్కడ లేబులే ఉండదు. ఒక స్నేహితుడి దగ్గర చేతిలోకి తీసుకుని చూశాను, చాలా బాగున్నాయి. కానీ వాటి ఖర్చు మా లేబుళ్ల ఖర్చుకు ఎన్నో రెట్లు. పైగా ఒకసారి ముద్రించిన తర్వాత మార్పుండదు. తెలుగు అంకెల విషయంలో నేను చేసిన పొరపాటు సిరామిక్ మీద చేసి ఉంటే మూడు సున్నల్లాంటి నూరుతోనే ఇప్పటికీ ఆడుతూ ఉండేవాళ్లం.

కాబట్టి సొంత లేబుళ్లు వేయించుకోవచ్చా అంటే, మాలాంటి ఇళ్లకు వేయించుకోవచ్చనే నా అభిప్రాయం. మేము నెలకు రెండుసార్లే ఆడతాం, ఆడేవాళ్లంతా ఇంటివాళ్లే, ఓపిగ్గా కూర్చుని అతికించే తీరిక నాకు దొరికింది. వారానికి నాలుగైదు రోజులు ఆడే చోట ఈ మ్యాట్ పొర ఏడాది కూడా ఆగకపోవచ్చు. ఏసీ గదిలోనే ఉండి, పెట్టె ఎప్పుడూ ఇల్లు కదలని వారికి ఖరీదైన కాస్ట్ వినైల్ అవసరం పడకపోవచ్చు. 120 రూపాయల షీటే సరిపోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో లేబుల్‌ను గోటితో లేపడం వాళ్లకొక ఆటైపోతుంది, ఆ అనుభవం మాకు లేదు. కానీ ఎవరైనా, ఏ షాపులోనైనా, పల్లం వ్యాసం కంటే ఒక మిల్లీమీటరు తగ్గించి కోయించండి. అదనంగా ఒక షీటు వేయించి దాచుకోండి. మే నెలలో పెట్టెను డిక్కీలో వదలకండి.

సంక్రాంతికి నా మాట విని అదే కొలతతో వేయించుకున్న ఆ ఇద్దరికీ నేనే ఫోను చేసి సంగతి చెప్పాను. ఒకరి బిళ్లలు పీకడానికి నేనూ వెళ్లి కూర్చున్నాను. రెండో ఆయన ఇంకా పాతవే వాడుతున్నారు, ఆయన పెట్టె ఇల్లు దాటి బయటికి రాలేదు గనుక ఇప్పటికి బాగానే ఉన్నాయట. నా దగ్గర మిగిలిన అదనపు లేబుళ్లను గట్టి కవరులో పెట్టి, పేక ముక్కలతో పాటు కాకుండా విడిగా, పొడిగా ఉండే అరలో ఉంచాను. ఎర్ర బిళ్లల మీద మామిడికాయ కొంచెం వెలిసినట్టు ఉంది. వచ్చే సంక్రాంతి దాటాక ఆ ఒక్క రంగుకు మాత్రం కొత్తవి వేయించాలనుకుంటున్నాను, కొలత మాత్రం అదే, 24.4.